గూడూరు–తిరుపతి–కాట్పాడి రైలు మార్గం, కోస్తా లైను: తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల ప్రయాణికులు తరచుగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఇస్తున్నాము. బండ్ల వేళలు మారుతూ ఉంటాయి కాబట్టి వాటిని ఇక్కడ ఇవ్వలేదు. మార్గం ఎలా ఏర్పడింది, ఎవరికి ఏ బండి అనువుగా ఉంటుంది, ఎక్కడ ఆలస్యమవుతుంది, ఎందుకు ఆలస్యమవుతుంది అన్న విషయాలనే వివరంగా చెప్పాము.

తిరుపతి సముద్రతీరాన లేదు కదా, కోస్తా లైనుతో దానికి సంబంధం ఏమిటి?

హౌరా–చెన్నై ప్రధాన మార్గం విజయవాడ, ఒంగోలు, నెల్లూరు దాటి గూడూరు చేరుకుంటుంది. అక్కడి నుంచి నాయుడుపేట, సూళ్లూరుపేట మీదుగా పులికాట్ సరస్సుకు పడమటి పక్కగా చెన్నై వైపు సాగిపోతుంది. గూడూరు దగ్గర ఈ మార్గం నుంచి పడమరకు చీలిన లైను వెంకటగిరి, శ్రీకాళహస్తి, ఏర్పేడు మీదుగా 83 కిలోమీటర్లు నడిచి రేణిగుంట చేరుతుంది. అక్కడికి తిరుపతి మరో పది కిలోమీటర్లు. తిరుపతి దాటాక అదే లైను చంద్రగిరి, పాకాల, చిత్తూరు మీదుగా తమిళనాడులోని కాట్పాడి దాకా వెళుతుంది. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా ఉన్న కోస్తా జిల్లాలవారు రైల్లో తిరుపతికి రావాలంటే సాధారణంగా గూడూరు మీదుగానే రావాలి.

పైగా 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు గూడూరు, వెంకటగిరి, నాయుడుపేట, సూళ్లూరుపేట ప్రాంతాలు నెల్లూరు జిల్లా నుంచి ఇందులోకి వచ్చాయి. దానితో కొండ కింద ఉన్న తిరుపతి సముద్రతీరం గల జిల్లాకు కేంద్రమైంది. సూళ్లూరుపేట నుంచి కలెక్టరాఫీసు పని మీద తిరుపతికి వచ్చేవారికి ఈ రైలు మార్గం యాత్రా సౌకర్యం మాత్రమే కాదు, జిల్లాలోపలి దారి కూడా. తిరుపతి రైళ్ల గురించి మాట్లాడేటప్పుడు యాత్రికుల సంగతే ముందుకు వస్తుంది, స్థానికుల అవసరం వెనక పడుతుంది. ఆ లోటు తీర్చాలన్నదే ఈ పేజీ ఉద్దేశం.

ఈ ప్రాంతానికి మొదటి రైలు ఎప్పుడు వచ్చింది?

దక్షిణ భారతదేశంలో మొదటి ప్రయాణికుల రైలును మద్రాసు రైల్వే కంపెనీ 1856లో రాయపురం నుంచి వాలాజా రోడ్డు వరకు నడిపింది. ఆ తరవాత అరక్కోణం నుంచి వాయవ్య దిశగా, అంటే బొంబాయి వైపు ఒక శాఖను వేయడం మొదలుపెట్టింది. ఆ శాఖ 1862లో రేణిగుంటకు చేరింది. తరవాత కడప, గుంతకల్లు మీదుగా సాగి 1871లో రాయచూరు దగ్గర బొంబాయి నుంచి వచ్చిన లైనుతో కలిసింది. తిరుపతి ఊరికి పది కిలోమీటర్ల దూరంలో ఉన్న రేణిగుంట అంత పెద్ద జంక్షన్ కావడానికి కారణం ఇదే. మద్రాసు–బొంబాయి మార్గం తిరుపతి కోసం వేసింది కాదు. తిరుపతి ఆ దారికి పక్కన పడింది.

గూడూరు–తిరుపతి లైను చెన్నై–విజయవాడ లైను కంటే పాతదా?

అవును. చాలామందికి ఆశ్చర్యం కలిగించే సంగతి ఇది. ఈనాటి రైల్వే పటం చూస్తే గూడూరు–రేణిగుంట భాగం పెద్ద లైనుకు ఒక కొమ్మలా కనిపిస్తుంది. చరిత్రలో వరుస దీనికి తిరగబడి ఉంది. కాట్పాడి నుంచి చిత్తూరు, పాకాల, తిరుపతి, రేణిగుంటల మీదుగా గూడూరు దాకా మీటర్ గేజ్ (పట్టాల మధ్య ఒక మీటరు దూరం ఉండే) లైను 1891 నాటికే ఉంది. దాన్ని దక్షిణ భారత రైల్వే కంపెనీ నడిపేది. ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే పేరుతో విజయవాడ–కటక్ మార్గం 1893–96 మధ్య తెరుచుకుంది. విజయవాడను మద్రాసుతో కలిపే భాగం 1899లో గాని పూర్తి కాలేదు. అంటే గూడూరు నుంచి నేరుగా మద్రాసుకు రైలు రాకముందే గూడూరువారు రైలెక్కి తిరుపతికి, చిత్తూరుకు వెళ్లేవారన్నమాట.

పాకాల నుంచి మదనపల్లె రోడ్డు, కదిరి మీదుగా ధర్మవరం వెళ్లే మరో మీటర్ గేజ్ లైను 1892 ప్రాంతంలో వచ్చింది. 1876–78 నాటి మహా కరువులో రాయలసీమలో లక్షల ప్రాణాలు పోయాయి. తిండిగింజలు తీరప్రాంతం నుంచి లోపలికి చేర్చే దారులు లేకపోవడం ఆ నష్టానికి ఒక కారణమని తేలాక కరువు ప్రాంతాలకు రైలు మార్గాలు వేయడం మీద ప్రభుత్వం దృష్టి పెట్టింది. పాకాల జంక్షన్ ఆ కాలపు ఆలోచన నుంచి పుట్టిందే. అక్కడ దిగిన ప్రయాణికుడికి ఇప్పుడు ప్రశాంతమైన చిన్న ఊరే కనిపిస్తుంది గాని, కోస్తాను, తమిళ ప్రాంతాన్ని, కరువు సీమను మూడు వైపుల నుంచి కలిపిన కూడలి అది.

అప్పట్లో రేణిగుంటలో బండి ఎందుకు మారవలసి వచ్చేది?

మద్రాసు–బొంబాయి లైను బ్రాడ్ గేజ్. రెండు పట్టాల మధ్య దూరం 1,676 మిల్లీమీటర్లు. గూడూరు–కాట్పాడి లైను మీటర్ గేజ్. దానిలో ఆ దూరం 1,000 మిల్లీమీటర్లే. ఒకదాని బోగీ రెండోదాని మీద నడవదు కాబట్టి మద్రాసు నుంచి పెద్ద రైల్లో వచ్చినవారు రేణిగుంటలో మూటాముల్లె దించుకుని చిన్న రైలెక్కి తిరుపతి చేరేవారు. సరుకుకు కూడా అదే తిప్పలు. కూలీలు వ్యాగన్ నుంచి వ్యాగన్‌కు మోయవలసి వచ్చేది.

స్వాతంత్ర్యం తరవాత మొదట గూడూరు–రేణిగుంట–తిరుపతి భాగం బ్రాడ్ గేజ్ అయింది. కోస్తా నుంచి తిరుపతికి నేరుగా బండ్లు నడపడం దాంతోనే సాధ్యపడింది. తిరుపతి–పాకాల–కాట్పాడి భాగం చాలా ఏళ్లు మీటర్ గేజ్‌గానే మిగిలిపోయింది. పాకాల–ధర్మవరం మార్గమైతే 2010 నాటికి గాని మారలేదు. తిరుపతికి తూర్పున ముందుగా, పడమర వైపు చాలా ఆలస్యంగా జరిగిన ఈ మార్పు చిత్తూరు పట్టణానికి నష్టం చేసిందని చెప్పక తప్పదు. నేరుగా వచ్చే దూరప్రయాణపు బండ్లన్నీ తిరుపతి దగ్గర ఆగిపోవడం ఆ కాలంలోనే అలవాటైంది.

తిరుపతి నుంచి చిత్తూరుకు, కాట్పాడికి వెళ్లే బండి మధ్యలో ఎందుకు అంతసేపు ఆగుతుంది?

తిరుపతి–పాకాల–కాట్పాడి మధ్య ఉన్న 104 కిలోమీటర్లూ సింగిల్ లైను. రెండు దిక్కులా వెళ్లే బండ్లకు ఒకే జత పట్టాలు. ఎదురు బండి వస్తున్నప్పుడు రెండింటిలో ఒకటి ఏదో ఒక స్టేషన్‌లో పక్క లైను మీదకు తప్పుకుని నిలబడాలి. దీన్నే క్రాసింగ్ అంటారు.

చంద్రగిరి లాంటి స్టేషన్‌లో ఇది ఎలా జరుగుతుందో ఒకసారి గమనిస్తే ఆలస్యం ఎక్కడ పుడుతుందో తెలుస్తుంది. ముందు మన బండి నెమ్మదించి, మెయిన్ లైను వదిలి లూప్ లైను మీదకు మళ్లి నిలుస్తుంది. అది పూర్తిగా లోపలికి వచ్చిందని, వెనక ఏ బోగీ మిగల్లేదని నిర్ధారణ కావాలి. ఆ తరవాతే ఎదురు బండికి సిగ్నల్ పడుతుంది. ఆ బండి ఇంకా పక్క స్టేషన్ దాటకపోతే అది వచ్చేదాకా ఆగవలసిందే. అది స్టేషన్ దాటి వెళ్లాక, బండిని ఒక లైను నుంచి మరో లైనుకు మళ్లించే పాయింట్లు మళ్లీ మార్చి, ముందున్న స్టేషన్ నుంచి లైను ఖాళీగా ఉందన్న అనుమతి తీసుకుని మన బండికి పచ్చదీపం ఇస్తారు. ఒక బండి అరగంట ఆలస్యమైతే దానికి ఎదురుపడవలసిన రెండో బండి, దాని వెనక మూడోది కూడా ఆలస్యమవుతాయి. పూర్వం ఈ అనుమతికి గుర్తుగా స్టేషన్ మాస్టారు డ్రైవరుకు ఒక లోహపు గుండును సంచిలో పెట్టి, పెద్ద బెత్తపు వలయానికి తగిలించి అందించేవారు. ఆ గుండు చేతిలో లేకుండా బండి కదలకూడదు. ఇప్పుడు పరికరాలు మారాయి గాని నియమం మారలేదు: ఒక భాగంలో ఒకసారికి ఒక్క బండే.

ఈ 104 కిలోమీటర్లను డబుల్ లైను చేయడానికి కేంద్ర మంత్రివర్గం 2025 ఏప్రిల్ 9న ఆమోదం తెలిపింది. అంచనా వ్యయం సుమారు 1,332 కోట్ల రూపాయలు. తిరుమల, కాణిపాకం, శ్రీకాళహస్తి క్షేత్రాలతో పాటు వెల్లూరు ఆసుపత్రులకు వెళ్లే రోగుల అవసరాన్ని కూడా ఈ ప్రాజెక్టుకు కారణంగా చూపారు. ఈ చివరి కారణం మాకు అన్నిటికన్నా ముఖ్యమైనదిగా తోస్తుంది. చిత్తూరు, తిరుపతి ప్రాంతాల్లో పెద్ద జబ్బు వచ్చినవారిలో చాలామంది వెల్లూరులోని క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సీఎంసీ) ఆసుపత్రికే వెళ్తారు, దానికి దిగవలసిన స్టేషన్ కాట్పాడి. రోగిని పడుకోబెట్టి తీసుకువెళ్లే కుటుంబానికి క్రాసింగ్ కోసం ఆగే ప్రతి నిమిషమూ బరువే.

కోస్తా జిల్లాల నుంచి తిరుపతికి నేరుగా వచ్చే ముఖ్యమైన బండ్లు ఏవి?

విశాఖపట్నం నుంచి వచ్చే తిరుమల ఎక్స్‌ప్రెస్ ఒకప్పుడు తిరుపతితో ఆగేది. తరవాత దాన్ని కడప దాకా పొడిగించారు. పూరి నుంచి వచ్చే ఎక్స్‌ప్రెస్ ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాలవారికి అక్కరకు వస్తుంది. సికింద్రాబాద్ నుంచి వచ్చే పద్మావతి, ఆదిలాబాద్ నుంచి వచ్చే కృష్ణా ఎక్స్‌ప్రెస్‌లు విజయవాడ, నెల్లూరు, గూడూరుల మీదుగా వస్తాయి. నారాయణాద్రి హైదరాబాద్ వైపు నుంచి నల్గొండ, గుంటూరు మీదుగా వచ్చి కోస్తా లైనులో కలుస్తుంది. 2023 ఏప్రిల్ 8న మొదలైన సికింద్రాబాద్–తిరుపతి వందేభారత్ కూడా నల్గొండ, గుంటూరు, ఒంగోలు, నెల్లూరుల మీదుగానే నడుస్తుంది.

వీటిలో శేషాద్రి ఎక్స్‌ప్రెస్‌ను ప్రత్యేకంగా చెప్పుకోవాలి. బెంగళూరు నుంచి కాట్పాడి, చిత్తూరు, పాకాల, తిరుపతి, గూడూరు, విజయవాడల మీదుగా కాకినాడకు వెళ్లే ఈ బండి 1891 నాటి పాత మార్గాన్ని ఈ కొస నుంచి ఆ కొస దాకా దాటుతుంది. చిత్తూరువారు బండి మారకుండా గోదావరి జిల్లాలకు వెళ్లడానికి ఇది మంచి వసతి. దీనికి ఎప్పుడూ ఉండే రద్దీని చూస్తే ఈ దారిలో ఇలాంటి బండి మరొకటి కావాలని ఇక్కడివారు అడగడం న్యాయమే అనిపిస్తుంది.

వెంకటాద్రి, రాయలసీమ ఎక్స్‌ప్రెస్‌లు కోస్తా మీదుగా రావు. అవి కడప వైపు నుంచి వస్తాయి.

హౌరా–చెన్నై బండ్లన్నీ తిరుపతికి వస్తాయా?

రావు. హౌరా వైపు నుంచి వచ్చే కోరమాండల్, ఢిల్లీ నుంచి వచ్చే గ్రాండ్ ట్రంక్ వంటివి గూడూరు నుంచి నేరుగా చెన్నైకి వెళ్లిపోతాయి. వాటిలో గూడూరులో ఆగే బండి ఎక్కినవారు అక్కడ దిగి తిరుపతి వైపు వెళ్లే బండి అందుకోవచ్చు. ఆగనిది ఎక్కితే నెల్లూరులో దిగాలి. టికెట్ తీసుకునే ముందే ఆ బండికి గూడూరులో హాల్ట్ ఉందో లేదో చూసుకోవడం అవసరం.

విజయవాడ వైపు నుంచి చెన్నైకి వెళ్లే వందేభారత్ మాత్రం దీనికి మినహాయింపు. 2023 సెప్టెంబరు 24న మొదలైన ఈ బండి గూడూరు నుంచి నేరుగా చెన్నైకి పోకుండా రేణిగుంట మీదుగా చుట్టి వెళ్తుంది. తిరుపతివారు రేణిగుంటలో దాన్ని ఎక్కవచ్చు.

చెన్నై నుంచి తిరుపతికి ఏ దారి దగ్గర?

అరక్కోణం, పుత్తూరు, రేణిగుంటల మీదుగా వచ్చేదే దగ్గర. సప్తగిరి, గరుడాద్రి ఎక్స్‌ప్రెస్‌లు ఈ దారిలోనే నడుస్తాయి. గూడూరు మీదుగా రావడం చుట్టు. చెన్నై–గూడూరు ఒక్కటే 138 కిలోమీటర్లు.

తిరుపతి, రేణిగుంట, తిరుచానూరు: ఎక్కడ దిగడం మంచిది?

తిరుమలకు వెళ్లేవారికి తిరుపతి స్టేషనే అనువు. స్టేషన్ ఎదురుగానే తిరుమల తిరుపతి దేవస్థానం వారి విష్ణునివాసం ఉంది. గోవిందరాజస్వామి ఆలయానికి నడిచి వెళ్లవచ్చు. బస్టాండు కూడా దగ్గరే. స్టేషన్ పునర్నిర్మాణ పనుల వల్ల రాకపోకల దారులు మారే అవకాశం ఉంది కాబట్టి వృద్ధులతో వచ్చేవారు బండి ఏ ప్లాట్‌ఫారం మీదకు వస్తుందో ముందే తెలుసుకుని, లిఫ్టు లేదా ఎస్కలేటర్ ఉన్న వైపుకు చేరుకోవాలి.

ముంబయి, కడప వైపు నుంచి చెన్నైకి పోయే బండ్లు తిరుపతికి రావు. వాటిలో వచ్చేవారు రేణిగుంటలోనే దిగాలి. రేణిగుంట స్టేషన్ బయట నుంచి తిరుపతికి బస్సులు, ఆటోలు దొరుకుతాయి. అర్ధరాత్రి దిగేవారు ఆటో ఎక్కే ముందే బాడుగ మాట్లాడుకోవాలి. రెండు స్టేషన్ల మధ్య ఉన్న తిరుచానూరు స్టేషన్‌ను తిరుపతి మీద ఒత్తిడి తగ్గించడానికి పెంచారు. పద్మావతి అమ్మవారి దర్శనానికి వెళ్లేవారికి అది దగ్గర, అయితే అన్ని బండ్లూ అక్కడ ఆగవు.

శ్రీకాళహస్తి గుడికి శ్రీకాళహస్తిలో, కాణిపాకానికి చిత్తూరులో లేదా పాకాలలో, తిరుపతి ఐఐటీకి ఏర్పేడులో లేదా రేణిగుంటలో దిగవచ్చు. శ్రీహరికోట పని మీద వెళ్లేవారు కోస్తా లైనులో సూళ్లూరుపేట దాకా వెళ్లాలి. సూళ్లూరుపేటకు చెన్నై నుంచి లోకల్ బండ్లు కూడా నడుస్తాయి.

తుపాను సమయంలో ఈ మార్గం ఎందుకు ఆగిపోతుంది?

కోస్తా లైను పెన్నా, స్వర్ణముఖి, కాళంగి వంటి నదులను సముద్రానికి దగ్గరలో, చాలా తక్కువ ఎత్తులో దాటుతుంది. ఎగువన కురిసిన వానంతా చివరకు ఈ కట్ట దగ్గరికే వస్తుంది. రైలు కట్ట పల్లపు నేలలో ఆనకట్టలా అడ్డంగా నిలుస్తుంది కాబట్టి తూములు, వంతెనల నుంచి పోగలిగినంత మించి నీరు వస్తే కట్ట కింద మట్టి కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడతాయి.

2021 నవంబరులో జరిగింది ఇదే. పెన్నా వరదకు నెల్లూరు దగ్గర పడుగుపాడు వద్ద పట్టాల కింద కట్ట కోసుకుపోయింది. దాదాపు అదే సమయంలో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, కడప జిల్లాలో నందలూరు, రాజంపేట మధ్య ముంబయి లైను కూడా దెబ్బతిన్నది. తిరుపతి నగరమే నీటిలో ఉంది. అంటే తిరుపతికి ఉత్తరం నుంచి వచ్చే రెండు ప్రధాన మార్గాలూ ఒకేసారి మూతపడ్డాయి. పాకాల–ధర్మవరం లైను, కాట్పాడి లైను ఎంత విలువైనవో అలాంటి రోజుల్లోనే తెలుస్తుంది. ఒక దారి పోతే రెండో దారి ఉండాలి. అందుకే పడమటి వైపు డబుల్ లైను పనిని యాత్రికుల సౌకర్యంగా మాత్రమే చూడకూడదని మా అభిప్రాయం.

నవంబరు, డిసెంబరు నెలల్లో ప్రయాణం పెట్టుకునేవారు బయలుదేరే ముందు 139కి ఫోన్ చేసి బండి నడుస్తోందో లేదో, దారి మళ్లించారేమో కనుక్కోవాలి.

నడికుడి–శ్రీకాళహస్తి, కృష్ణపట్నం లైన్ల వల్ల మనకు ఏం ఒరుగుతుంది?

నడికుడి–శ్రీకాళహస్తి సుమారు 309 కిలోమీటర్ల కొత్త మార్గం. పల్నాడు, ప్రకాశం, నెల్లూరు జిల్లాల మెట్ట ప్రాంతాల గుండా, కోస్తా లైనుకు సమాంతరంగా, తీరానికి దూరంగా దీన్ని వేస్తున్నారు. ఇందులో మొదటి భాగమైన పిడుగురాళ్ల–శావల్యాపురం పూర్తయింది. మొత్తం పూర్తయితే తుపానులో కోస్తా లైను ఆగినా హైదరాబాద్ వైపు నుంచి శ్రీకాళహస్తికి బండి రాగలదు. రైలు కూత వినని ఊళ్లకు రైలు వస్తుంది.

వెంకటాచలం నుంచి ఓబులవారిపల్లె దాకా ఉన్న 113 కిలోమీటర్ల లైను 2019 సెప్టెంబరులో ప్రారంభమైంది. వెలికొండలను తొలిచి వేసిన ఆరున్నర కిలోమీటర్లకు పైబడిన సొరంగం దీనిలోని విశేషం. కృష్ణపట్నం రేవు నుంచి బొగ్గు, ఎరువులు రాయలసీమకు వెళ్లాలన్నా, రాయలసీమ ఖనిజాలు రేవుకు చేరాలన్నా అంతకుముందు గూడ్సు బండ్లు గూడూరు, రేణిగుంటల మీదుగా చుట్టి రావలసి వచ్చేది. వాటిలో కొన్ని పక్కకు మళ్లడంతో రేణిగుంట మీద భారం తగ్గింది.

ఈ ప్రాంతం నుంచి రైల్లో వెళ్లే సరుకుల్లో చెప్పుకోదగ్గది ఏది?

పాలు. చిత్తూరు ప్రాంతం పాడికి పేరుపడింది. రేణిగుంట నుంచి ఢిల్లీకి పాల ట్యాంకర్లను పూర్వం ప్రయాణికుల బండ్లకు తగిలించి పంపేవారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి ఆ బండ్లు ఆగిపోయినప్పుడు, పాల కోసమే ప్రత్యేకంగా దూద్ దురంతో అనే బండిని 2020 మార్చి 26 నుంచి రేణిగుంట నుంచి హజ్రత్ నిజాముద్దీన్‌కు నడిపారు. ఒక్కో ట్యాంకరులో 40 వేల లీటర్లు, ఆరు ట్యాంకర్లకు రెండు లక్షల 40 వేల లీటర్లు. ఊళ్లో పది లీటర్లు పోసిన రైతుకు కూడా ఆ నెలల్లో పాలబిల్లు వచ్చిందంటే ఈ బండి చేసిన మేలు చిన్నది కాదు.

తిరుపతి ఏ రైల్వే జోన్ కిందకు వస్తుంది?

1951 ఏప్రిల్ 14న ఏర్పడిన దక్షిణ రైల్వేలో ఈ ప్రాంతమంతా ఉండేది. దక్షిణ మధ్య రైల్వే 1966 అక్టోబరు 2న ఏర్పడింది. గుంతకల్ డివిజన్ 1977లో అందులో చేరింది. తిరుపతి, రేణిగుంట, శ్రీకాళహస్తి, పాకాల, చిత్తూరు గుంతకల్ డివిజన్‌వి. గూడూరు విజయవాడ డివిజన్‌ది. నాయుడుపేట, సూళ్లూరుపేట, పుత్తూరు మాత్రం దక్షిణ రైల్వే చెన్నై డివిజన్‌లో ఉన్నాయి.

విశాఖపట్నం కేంద్రంగా దక్షిణ కోస్తా రైల్వే జోన్‌ను 2019 ఫిబ్రవరి 27న ప్రకటించారు. ప్రధాన కార్యాలయానికి 2025 జనవరి 8న శంకుస్థాపన జరిగింది. గుంతకల్, విజయవాడ, గుంటూరు డివిజన్లు ఈ జోన్‌కు కేటాయించినవే. తిరుపతి కేంద్రంగా బాలాజీ డివిజన్ కావాలన్న కోరిక ఇక్కడ చాలాకాలంగా ఉంది. ఒకే జిల్లాలోని స్టేషన్లు వేర్వేరు డివిజన్ల కింద ఉంటే సూళ్లూరుపేట–తిరుపతి మధ్య ఉదయం వచ్చి సాయంత్రం వెళ్లే లోకల్ బండి కోసం ఎవరిని అడగాలో కూడా ప్రజలకు తెలియదు. ఆ కోరికలోని బలం అదే.

రిజర్వేషన్ ఎన్ని రోజుల ముందు చేసుకోవాలి?

2024 నవంబరు 1 నుంచి ప్రయాణానికి 60 రోజుల ముందు రిజర్వేషన్ తెరుస్తున్నారు. అంతకుముందు ఇది 120 రోజులు. దర్శనం టికెట్, రైలు టికెట్ వేర్వేరు చోట్ల, వేర్వేరు తేదీల్లో విడుదలవుతాయి కాబట్టి ముందు దర్శనం తేదీ ఖాయం చేసుకుని ఆ తరవాత రైలు చూసుకోవడం మంచిది. తత్కాల్ టికెట్లు ముందురోజు ఏసీ తరగతులకు ఉదయం 10 గంటలకు, స్లీపరుకు 11 గంటలకు ఇస్తారు. ఆన్‌లైన్‌లో తత్కాల్ తీసుకోవాలంటే ఖాతాకు ఆధార్ ధ్రువీకరణ ఉండాలి. తిరుపతి–చిత్తూరు, తిరుపతి–గూడూరు వంటి దగ్గర ప్రయాణాలకు జనరల్ టికెట్‌ను ఫోన్‌లోనే తీసుకోవచ్చు.

బండి రద్దయితే, బాగా ఆలస్యమైతే డబ్బు తిరిగి వస్తుందా?

రైల్వే బండిని రద్దు చేస్తే పూర్తి మొత్తం వస్తుంది. ఆన్‌లైన్ టికెట్‌కు డబ్బు దానంతట అదే ఖాతాలో పడుతుంది. కౌంటరులో కొన్న టికెట్‌ను కౌంటరుకే తీసుకువెళ్లాలి. మీరు ఎక్కే స్టేషన్‌కు బండి మూడు గంటలకు మించి ఆలస్యంగా వస్తుంటే ప్రయాణం మానుకుని పూర్తి మొత్తం అడగవచ్చు. అయితే ఆన్‌లైన్ టికెట్ అయినా దానికి టీడీఆర్ (డబ్బు వాపసు కోసం పెట్టే అర్జీ) దాఖలు చేయాలి, అదీ ఆ స్టేషన్ నుంచి బండి నిజంగా కదలకముందే చేయాలి. కదిలాక చేసిన అర్జీని ఈ కారణం కింద తీసుకోరు.